ఆఫీసు అల్మారీ చేయిస్తున్నారా? ‘అడుగు ఎంత?’ అనే ఒక్క ప్రశ్న చాలదు

ట్రావెల్స్, ట్యాక్స్ కన్సల్టెన్సీ, క్లినిక్, లాయర్ ఆఫీసు, ట్యూషన్ సెంటర్... మన కుటుంబాల్లో ఇలాంటి చిన్న ఆఫీసులు నడిపేవాళ్లు ఉన్నారు. ఆ ఆఫీసులకు గోడ అల్మారీలు చేసి బతికే కార్పెంటర్లూ మన ఇళ్లలోనే ఉన్నారు. పని మాట్లాడుకునేటప్పుడు ఈ ఇద్దరి మధ్య మొదట వచ్చే మాట ఒకటే. ‘భాయ్, అడుగు ఎంత?’

ఆ ప్రశ్నకు ఒక అంకె వస్తుంది. బేరమాడితే అది యాభయ్యో వందో తగ్గుతుంది. అడ్వాన్సు చేతులు మారుతుంది. నెల తర్వాత చూస్తే ఇద్దరిలో ఒకరికి నష్టం. ఆఫీసు యజమాని ‘చెప్పిన ప్లైవుడ్ వేయలేదు’ అంటాడు. కార్పెంటర్ ‘ఈ పనిలో నాకు కూలి కూడా మిగల్లేదు’ అంటాడు. చాలాసార్లు ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పరు. పొరపాటు ఆ ‘అడుగు రేటు’లోనే ఉంది. అల్మారీ ముందుభాగం ఎన్ని చదరపు అడుగులో అది చెబుతుంది గానీ, లోపల ఎంత సామాను పడుతుందో చెప్పదు.

ఇద్దరికీ న్యాయంగా ఉండేలా లెక్క ఎలా వేయాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

ముందు ఫైళ్లు, తర్వాత గోడ

డిజైన్ అంటే మొదట రంగు, మైకా చూసుకోవడం కాదు. అందులో ఏం పెట్టాలో లెక్క పెట్టుకోవడం. ఆఫీసులో ఎక్కువగా వాడే క్లిప్ బాక్స్ ఫైలు వీపు వెడల్పు సుమారు 80 మి.మీ. ఎత్తు 12 నుంచి 14 అంగుళాల మధ్య ఉంటుంది. అందుకని అరకు అరకు మధ్య కనీసం 15 అంగుళాల ఖాళీ ఉంటే ఫైలు ఇరుక్కోకుండా వస్తుంది. లాయర్ల ఆఫీసులో వాడే లీగల్ సైజు కాగితం పొడవే 14 అంగుళాలు. ఆ కట్టలు పడుకోబెట్టాలంటే అల్మారీ లోతు ఆ మేరకు ఉండాలి. ఉత్త ఏ4 ఫైళ్లకైతే 12 అంగుళాల లోపు లోతు సరిపోతుంది.

ఇక బరువు. 80 జీఎస్ఎం ఏ4 కాగితాలు 500 ఉంటే రెండున్నర కిలోలు. నిండిన ఫైలు ఒక్కోటి దాదాపు అంత ఉంటుంది. మూడు అడుగుల అరలో 11 ఫైళ్లు పడతాయి, అంటే 27 కిలోల పైమాట. రెండేళ్లు తిరిగేసరికి ఆ అర మధ్యలో వంగుతుంది. ఒకే మందం పలక మీద వరసగా ఫైళ్లు పేర్చినప్పుడు, రెండు అడుగుల అర కంటే మూడు అడుగుల అర దాదాపు 5 రెట్లు ఎక్కువ వంగుతుంది. కాబట్టి ఫైళ్ల అల్మారీకి అర వెడల్పు రెండు అడుగులు మంచిది. రెండున్నర దాటనివ్వకండి. చూడటానికి వెడల్పు అరలు అందంగా ఉన్నా సరే.

తర్వాత గోడ. ఏ గోడా పూర్తిగా నిటారుగా ఉండదు. వెడల్పును కింద, మధ్యలో, పైన మూడు చోట్ల కొలిచి, వాటిలో తక్కువ కొలతనే తీసుకోవాలి. గుండు వేలాడదీసి గోడ ఎటు ఒరిగిందో చూడాలి. అల్మారీని గోడకు గోడకు సరిగ్గా సరిపోయేలా చేయకూడదు. రెండు పక్కలా ఒక్కో అంగుళం వదిలి, తర్వాత పట్టీతో మూసేయాలి. స్విచ్‌బోర్డు, ఏసీ పైపు, నెట్ వైరు, కిటికీ రెక్క, తలుపు తెరుచుకునే దిశ, ఇవన్నీ ఆ కాగితం మీదే గీసుకోవాలి. గోడలో చెమ్మ ఉంటే అల్మారీ చేయించే ముందే దాని సంగతి చూడాలి. చెమ్మ గోడకు ప్లైవుడ్ ఆనించి, తర్వాత చెదలు పట్టాయని కార్పెంటర్‌ను అంటే లాభం లేదు.

షీట్ చెప్పే మాట వినాలి

ప్లైవుడ్ షీట్ మామూలుగా 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. అంటే 32 చదరపు అడుగులు. అల్మారీ ఖరీదును చాలావరకు ఈ షీట్ వెడల్పే నిర్ణయిస్తుంది.

లోతు 15 అంగుళాలు అనుకోండి. 48 అంగుళాల షీట్‌లో మూడు పట్టీలు వస్తాయి. అదే 16 అంగుళాలు అన్నారనుకోండి. మూడు పదహార్లు నలభై ఎనిమిదే కదా అనిపిస్తుంది. కానీ రంపం బ్లేడు ఒక్కో కోతకు 3 మి.మీ. దాకా తినేస్తుంది. మూడో పట్టీ రాదు. ఒక్క అంగుళం పెంచినందుకు షీట్‌కు మూడు బదులు రెండు పట్టీలే మిగులుతాయి. ‘ఇంకొంచెం లోతు ఉంటే బాగుంటుంది’ అనే చిన్న మాట వెనుక ఇంత ఖర్చు ఉందని చాలామంది యజమానులకు తెలియదు. కొందరు కార్పెంటర్లు కూడా షీట్ కోసేటప్పుడే గమనిస్తారు.

ఏ4 ఫైళ్లు మాత్రమే ఉంటే పదకొండుముప్పావు అంగుళాల లోతు పెట్టుకోవచ్చు. అప్పుడు ఒక షీట్‌లో నాలుగు పట్టీలు వస్తాయి.

ఒక అల్మారీ, మొత్తం లెక్క

ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసు. గోడ వెడల్పు 8 అడుగుల 2 అంగుళాలు. 8 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు, 15 అంగుళాల లోతు అల్మారీ కావాలి. కింది రెండు వరసలకు తలుపులు, పై మూడు వరసలు తెరిచి ఉండాలి.

దీన్ని రెండు అడుగుల వెడల్పున్న నాలుగు పెట్టెలుగా చేద్దాం. కింద 3 అంగుళాల పీఠం. ఒక్కో పెట్టెలో 5 అరలు. ఒక్కో అరలో 7 ఫైళ్లు. మొత్తం 140 ఫైళ్లు పడతాయి. అంటే 350 కిలోల బరువు. ఈ బరువు పీఠం మీద నిలవాలి. గోడకు బిగించే ఫాస్టెనర్లు అల్మారీ ముందుకు పడకుండా పట్టుకోవడానికి మాత్రమే.

ఇప్పుడు ముక్కలు లెక్క పెడదాం. పక్క పలకలు పెట్టెకు 2 చొప్పున 8. ఒక్కోదానికి ఒక పట్టీ, అంటే 8 పట్టీలు. అడ్డ పలకలు పెట్టెకు 6 చొప్పున 24. ఒక పట్టీలో 4 వస్తాయి కాబట్టి 6 పట్టీలు. మొత్తం 14. షీట్‌కు 3 పట్టీలు కనుక 5 షీట్లు. మిగిలిన ఒక పట్టీ పీఠానికీ, పక్క పట్టీలకూ సరిపోతుంది. తలుపులు 8, వాటికి ఒక షీట్. వెనుక పలకకు 6 మి.మీ. షీట్లు 2.

ఇక ధరలు. కింది రేట్లు లెక్క చూపించడానికి తీసుకున్నవి. ఊరిని బట్టి, కంపెనీని బట్టి మారతాయి. మీ ఊరి షాపులో అడిగి ఆ అంకెలు ఇక్కడ వేసుకోండి.

18 మి.మీ. ప్లైవుడ్ 6 షీట్లు, ఒక్కోటి రూ. 3,000 చొప్పున: రూ. 18,000
6 మి.మీ. ప్లైవుడ్ 2 షీట్లు, రూ. 1,300 చొప్పున: రూ. 2,600
లోపలి మైకా 9 షీట్లు, రూ. 700 చొప్పున: రూ. 6,300
తలుపుల మీది మైకా 1 షీట్: రూ. 1,500
జిగురు: రూ. 2,500
అంచు పట్టీ, స్క్రూలు, ఫాస్టెనర్లు: రూ. 2,000
తలుపు బందులు 16, రూ. 120 చొప్పున: రూ. 1,920
హ్యాండిళ్లు 8, రూ. 100 చొప్పున: రూ. 800
తాళాలు 4, రూ. 150 చొప్పున: రూ. 600

సామాను మొత్తం రూ. 36,220.

కూలి: మేస్త్రికి రోజుకు రూ. 1,200, హెల్పర్‌కు రూ. 800. ఏడు రోజుల పని. రూ. 14,000. సామాను తెచ్చే ఆటోకు రూ. 1,500. షాపు అద్దె, కరెంటు, బ్లేడ్లు, మిషన్ల అరుగుదలలో ఈ పని వాటా రూ. 3,000.

ఇప్పటికి రూ. 54,720. చెడిపోయే ముక్కలకు, అనుకోని ఖర్చుకు 5 శాతం వేస్తే రూ. 2,736. మొత్తం ఖర్చు రూ. 57,456. దాని మీద 15 శాతం లాభం రూ. 8,618. అల్మారీ ధర రూ. 66,074. కార్పెంటర్‌కు జీఎస్‌టీ నమోదు ఉంటే బిల్లులో 18 శాతం పన్ను విడిగా వస్తుంది. ఆ విషయం ముందే చెప్పుకోవాలి.

ముందుభాగం 56 చదరపు అడుగులు. భాగిస్తే అడుగుకు రూ. 1,180. ఇప్పుడు ‘అడుగు ఎంత?’ అని అడిగితే చెప్పడానికి ఒక అంకె ఉంది. కానీ ఆ అంకె ఈ అల్మారీకే.

అడుగు రేటు ఎక్కడ ముంచుతుంది?

పని ఒప్పుకున్నాక యజమాని లోతు 18 అంగుళాలు చేయమన్నాడు అనుకుందాం. ముందుభాగం అదే 56 అడుగులు. అడుగు రేటు ప్రకారం బిల్లు ఒక్క రూపాయి పెరగదు. కానీ షీట్‌కు రెండు పట్టీలే వస్తాయి కాబట్టి 5 షీట్ల బదులు 7 కావాలి. మిగిలే పట్టీ వెడల్పు 12 అంగుళాలు కూడా ఉండదు, తలుపుకు కొంచెంలో చాలదు. రెండు షీట్లకు రూ. 6,000. మైకా కూడా పెరుగుతుంది. రూ. 8,618 లాభంలో మూడింట రెండు వంతులకు పైగా పోయినట్టే. సొరుగులు అడిగినా ఇదే కథ. ఒక్కో సొరుగుకు ఒక పెట్టె, ఒక జత చానళ్లు, పూట పని. అడుగుల్లో మాత్రం తేడా కనిపించదు.

ఇలా నష్టం వచ్చినప్పుడు దాన్ని ఎక్కడో ఒకచోట పూడ్చుకోవాలి. అప్పుడే వెనుక పలక పలచబడుతుంది, కనిపించని చోట చవక ప్లైవుడ్ వస్తుంది, మూడు బందులు వేయాల్సిన పొడుగు తలుపుకు రెండే పడతాయి. తక్కువ అడుగు రేటు చెప్పినవాళ్ల దగ్గర పని చేయిస్తే మిగిలిందనుకున్న డబ్బు ఇలా వెనక్కి పోతుంది.

బేరం ఇలా ఆడండి

యజమాని ‘66 వేలు కాదు, 60 వేలకు చేయండి’ అన్నాడు. కార్పెంటర్ మొహమాటానికి సరే అంటే లాభం రూ. 8,618 నుంచి రూ. 2,544కు పడిపోతుంది. ఏడు రోజుల పనిలో ఒక షీట్ చెడితే అది కూడా ఉండదు.

ధర తగ్గించాలంటే పనిలోనే ఏదో ఒకటి తగ్గించాలి. ఈ అల్మారీకి తలుపులు వద్దనుకుంటే తలుపుల ప్లైవుడ్, రెండు వైపుల మైకా, బందులు, హ్యాండిళ్లు, తాళాలు కలిపి రూ. 8,520 మిగులుతుంది. ఒక రోజు కూలి రూ. 2,000 కూడా మిగులుతుంది. అంటే రూ. 10,520. లేదా ఏ4 ఫైళ్లే కదా అని లోతు పదకొండుముప్పావుకు తగ్గిస్తే ఒక షీట్ మిగులుతుంది. ఇలా తగ్గిస్తే యజమానికి నిజంగా డబ్బు ఆదా అవుతుంది. కార్పెంటర్ కూలీ పోదు.

కార్పెంటర్లకు ఇంకో మాట. ఖర్చు మీద 15 శాతం కలిపితే, అది బిల్లులో 15 శాతం కాదు. ఇక్కడ రూ. 66,074లో రూ. 8,618 అంటే 13 శాతమే. ‘పది శాతం తగ్గించు భాయ్’ అన్నప్పుడు ఆ పది శాతం మొత్తం బిల్లు మీద పోతుంది. మిగిలేది మూడు శాతం. మీ సొంత కూలి కూడా ఖర్చులో రాసుకోండి. అన్నదమ్ములు, కొడుకు కలిసి పని చేసినప్పుడు చాలా ఇళ్లలో ఆ కూలి లెక్కలోకే రాదు. నెలాఖరుకు చేతిలో మిగిలింది లాభం అనుకుంటారు. నిజానికి అది వాళ్ల కూలి. అది కూడా పూర్తిగా రానిది.

ప్లైవుడ్ చూసి తీసుకోండి

బజారులో ఎంఆర్, బీడబ్ల్యూఆర్, మెరైన్ అనే పేర్లు వినిపిస్తాయి. ఎంఆర్ పొడిగా ఉండే గదులకు. నీటి తడి తగిలే అవకాశం ఉంటే బీడబ్ల్యూఆర్ మేలు. మెరైన్ ఇంకా గట్టిది, ఖరీదూ ఎక్కువే. పొడి గదిలో ఫైళ్ల అల్మారీకి మొత్తం మెరైన్ అక్కర్లేదు. కడిగే నేల అయితే పీఠానికి మాత్రం మంచి రకం వాడటం తెలివైన పని.

సాధారణ ప్లైవుడ్‌కు ఐఎస్ 303, మెరైన్ ప్లైవుడ్‌కు ఐఎస్ 710 ప్రమాణాలు. షీట్ మీద ఐఎస్ఐ గుర్తుతో పాటు లైసెన్సు నంబరు ఉంటుంది. ఆ నంబరు అసలుదా కాదా అని ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో చూసుకోవచ్చు. మందం కూడా టేపుతో కొలవండి. 18 అని రాసి ఉన్నంత మాత్రాన 18 ఉండదు. సామాను దిగిన రోజే, కోయకముందే చూడాలి. మైకా అంటించాక లోపల ఏముందో ఎవరికీ తెలియదు.

యజమానే సామాను కొని, కార్పెంటర్‌కు కూలి మాత్రమే ఇచ్చే పద్ధతీ ఉంది. అందులో నాణ్యత మీద అనుమానం ఉండదు. కానీ ఎన్ని షీట్లు కావాలో కార్పెంటర్ రాసి ఇవ్వాలి. మిగిలిన ముక్కలు ఎవరివో ముందే అనుకోవాలి. సామాను ఆలస్యమై పని ఆగితే ఆ రోజు కూలి ఎవరిదో కూడా.

అద్దె ఆఫీసు అయితే

సొంత గది కానప్పుడు గోడకు అతికించినట్టు చేసే అల్మారీ ఇల్లు మారే రోజున మీది కాకుండా పోతుంది. విప్పబోతే ముక్కలవుతుంది, వదిలేస్తే గది ఓనరుకు మిగులుతుంది. అందుకే మన ఉదాహరణలో ఒకే పెద్ద చట్రం కాకుండా నాలుగు విడి పెట్టెలు పెట్టాం. పెట్టెకు పెట్టెకు స్క్రూలతో కలపాలి, జిగురుతో కాదు. పక్క పట్టీలు మాత్రం కొత్త గోడకు మళ్లీ చేయించుకోవాలి. గోడకు రంధ్రాలు వేసే ముందు ఓనరుతో మాట్లాడి, ఖాళీ చేసేటప్పుడు అల్మారీ తీసుకెళ్తామని అద్దె అగ్రిమెంటులోనే ఒక వాక్యం రాయించుకుంటే తర్వాత మాట పడాల్సిన పని లేదు.

ఒక కాగితం, రెండు సంతకాలు

తెలిసినవాళ్లే కదా, చుట్టాలే కదా అని కాగితం రాసుకోరు. తెలిసినవాళ్ల మధ్యే కాగితం ఎక్కువ అవసరం. డబ్బు దగ్గర మాట తేడా వస్తే పోయేది డబ్బు ఒక్కటే కాదు. పెళ్లిళ్లలో పలకరింపులు కూడా ఆగిపోతాయి.

ఆ కాగితంలో ఇవి ఉంటే చాలు:

కొలతలతో బొమ్మ. వెడల్పు, ఎత్తు, లోతు, అరల సంఖ్య, తలుపులు, సొరుగులు.
ప్లైవుడ్ రకం, మందం, కంపెనీ. వెనుక పలక మందం విడిగా.
మైకా నంబరు, బందులు, చానళ్లు, తాళాలు ఏ కంపెనీవి, ఎన్ని.
మొత్తం ధర. పన్ను అందులో ఉందా, విడిగానా.
డబ్బు ఎప్పుడెప్పుడు. సామానుకు సరిపడా అడ్వాన్సు, పెట్టెలు నిలబడ్డాక కొంత, తలుపులు, తాళాలు చూసుకున్నాక మిగతాది.
ఎప్పటికి పూర్తి చేయాలి.
మధ్యలో మార్పు అడిగితే, దాని ధర రాసి ఇద్దరూ ఒప్పుకున్నాకే పని.
బందులు, చానళ్లు చెడితే ఎన్నాళ్లు వచ్చి సరిచేస్తారు.

యజమాని ఇద్దరు ముగ్గురి దగ్గర ధర అడగాలనుకుంటే అందరికీ ఇదే కాగితం ఇవ్వాలి. అప్పుడే ఒకే అల్మారీకి మూడు ధరలు పోల్చినట్టు. లేకపోతే మూడు వేర్వేరు అల్మారీలకు ధరలు అడిగినట్టే.

పని నేర్చుకుంటున్న కుర్రాళ్లు ఒక నోటుబుక్ పెట్టుకోండి. ప్రతి అల్మారీకి ఎన్ని షీట్లు అనుకున్నారు, ఎన్ని పట్టాయి, ఎన్ని రోజులు అన్నారు, ఎన్ని పట్టాయి, అన్నీ రాయండి. పది పనులు అయ్యేసరికి మీ లెక్కలో ఎక్కడ తప్పు వస్తోందో ఆ పుస్తకమే చూపిస్తుంది. పదకొండో పనికి ధర చెప్పేటప్పుడు పక్క షాపువాడి రేటు అడగాల్సిన పని ఉండదు.